ఎడమో కుడో తేలని శంఖం

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా అటక దులిపేసి, తొమ్మిదింటికి ఇడ్లీలు తిని, పదింటికి మళ్ళీ పడుకోవాలని గౌరీశంకర్ అనుకున్నాడు. చోడవరంలో ఎరువుల కొట్టు నడిపే అతనికి వారంలో సెలవు ఆ ఒక్కరోజే. అటక మీది ట్రంకుపెట్టెలో ఒక శంఖం దొరికింది. కడిగితే తెల్లగా మెరిసింది. తల్లి నరసమ్మ వడ్డాదిలో చుట్టాలింటికి వెళ్ళింది కాబట్టి అదెక్కడిదో అడగడానికి లేదు. దాన్ని గుండెల దగ్గర పట్టుకుని సెల్ఫీ దిగి, ‘మా ఇంటి శంఖం’ అని స్టేటస్ పెట్టాడు.

ఇడ్లీలు తిని చెయ్యి కడుక్కుంటుండగా అనకాపల్లి నుంచి బంగార్రాజు ఆ స్టేటస్ చూసి మోటారు సైకిల్ మీద వచ్చి వాలాడు. అరుదైన గవ్వలూ, రాళ్ళూ సేకరించి షావుకార్లకు అమ్మడం అతని వ్యాపారం.

“బాబూ, అది దచ్చినావర్తం! లచ్చల్లో ఒకటి! మా పార్టీ ఒకాయన మూడేళ్ళబట్టి ఎదురుసూస్తన్నాడు. ఏటంటావు?”

గౌరీశంకర్ శంఖాన్ని బియ్యం డబ్బాలో పడేసి, మూతపెట్టి దాని మీద కూర్చున్నాడు.

ఇంతలో ఆటోలోంచి డాక్టర్ గౌతమి దిగింది. విశాఖలో సముద్రజీవుల మీద పరిశోధన చేసే ఆమెకు ఆ ఫోటో ఏ ఫోనులోంచో చేరింది. చేతిలో దూది పరిచిన పెట్టె ఉంది.

“అమ్మకండి! ఇలాంటిదాన్ని పరీక్షించాలని పదకొండేళ్ళుగా వెతుకుతున్నాను. దొరికిన ప్రతిదీ ఈయనలాంటివాళ్ళు ఎవరి బీరువాలోకో పంపించేస్తారు. అది ఎడమ చుట్టు శంఖం, తెలుసా?”

“ఎడమేటి? కుడి!” అన్నాడు బంగార్రాజు.

“ఎడమ.”

“కుడంటే కుడే! ఎడమైతే ఎవులిక్కావాలి?”

నిజానికి ఇద్దరూ చెప్పేది ఒక్కటే. శాస్త్రం ఎడమ అనే చుట్టునే సంప్రదాయం కుడి అంటుంది. ఆ సంగతి తెలియని వీధి జనం రెండు పార్టీలయ్యారు. కుడి పార్టీవాళ్ళు కొబ్బరికాయలు తెచ్చారు. ఎడమ పార్టీవాళ్ళు ఏం తేవాలో తెలియక కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఈ గొడవ వీధి చివరికి వెళ్ళేసరికి, శంఖం దానంతటదే మోగిందన్న వార్త పుట్టింది. మాడుగుల నుంచి వడ్డాది మీదుగా వస్తున్న బస్సు ఆగిపోయింది. డ్రైవరు చెప్పులు విడిచి దిగాడు.

“డబ్బా మీంచి లేస్తారా, లేదా? అన్నానికి బియ్యం కావాలి,” అంది భార్య ప్రవల్లిక.

“లేస్తే పట్టుకుపోతారే!”

ఆగిన బస్సులోంచే నరసమ్మ దిగింది.

“ఒరే, గుమ్మంలో ఈ జనం ఏటిరా? ఎవులికేటయింది?”

సంగతి విని కొడుకును రెక్కపట్టి లేపి, శంఖం బయటికి తీసి గౌతమి చేతిలో పెట్టింది. గౌతమి దాన్ని తిప్పి చూసింది. ఫోనులో ఫోటో చూసింది. ముఖం వాడిపోయింది.

“ఈ ఫోటోలో మీ చొక్కా జేబు కుడివైపుంది. వెనక క్యాలెండర్లో అంకెలు తిరగబడ్డాయి. సెల్ఫీ అద్దంలాగా తిప్పేసింది. ఇది మామూలు శంఖమేనండీ.”

కొబ్బరికాయలు వెనక్కి వెళ్ళాయి. వాటి వెనకే కుర్చీలూ వెళ్ళాయి. బంగార్రాజు బండి స్టార్ట్ చేశాడు. గౌతమి పెట్టె మూస్తూ, ఉత్తినే, “ఎక్కడిదమ్మా ఇది?” అని అడిగింది.

“మా తమ్ముడు ఎల్లాజీ తెచ్చేడు. పూడిమడక రేవుకి తూరుపుగా, పన్నెండు బారల లోతు నీటిలో, వలకి పడిందట. హుద్‌హుద్ తుఫానుకి ముందటేడు మాఘమాసం. ఆడు పోయి నాలుగేళ్ళు. ఆడి మాటలన్నీ నాకు గుర్తే.”

గౌతమి గబగబా రాసుకుంది. “ఎక్కడిదో తెలియని అపురూపం కన్నా, అన్నీ తెలిసిన మామూలుదే నాకు మేలు. ఇస్తారా?”

“పెట్టె మీద మా ఎల్లాజీ పేరు రాస్తావా?”

“ముందు ఆయన పేరే రాస్తాను.”

“అయితే పట్టుకెల్లు, తల్లీ.”

బంగార్రాజు బండి ఆపేశాడు. “ఆగండాగండి! డాక్టరమ్మ ఇంతలా అడుగుతందంటే దాంట్లో ఏటో ఉంది! నాకియ్యండి!”

గౌతమి ఎక్కిన ఆటో అప్పటికే కదిలిపోయింది. మర్నాడు పూడిమడక రేవులో కనబడిన మామూలు శంఖాలన్నీ బంగార్రాజు బేరమాడకుండా కొనేశాడు.