చాటుగోడకు బహిరంగ ప్రకటన

మనిషిని మనిషి కంటపడకుండా దాచే బాధ్యతను దేవుడు మొదట ఏదెను తోటలో అంజూరపు ఆకులకు అప్పగించాడు. తర్వాత ఆ శాఖ ఎన్నో చేతులు మారి, చివరికి సిడ్నీ పశ్చిమ శివార్లలోని మార్ల్‌బ్రూక్ సిటీ కౌన్సిల్‌కు వచ్చి చేరింది. (ఆకుల కాలంలో పర్మిట్ అడిగేవారు లేరు. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలిసిందే.)

కౌన్సిల్ వారి కంచెల నిబంధనావళి నిజానికి దయగల పుస్తకం. పెరటి కంచె మనిషి ఎత్తు ఉండవచ్చు, ఎందుకంటే పెరట్లో మనిషి ఏ అవతారంలో ఉంటాడో కౌన్సిల్‌కు తెలుసు. ఇంటి ముందు మాత్రం నడుము ఎత్తు దాటకూడదు. దాటాలంటే పర్మిట్ కావాలి. ఇరుగుపొరుగులు ఒకరినొకరు చూసుకుంటూ ఉంటే వీధి స్నేహంగా ఉంటుందని ముందుమాటలో రాశారు. (రాసిన అధికారి తొమ్మిదో అంతస్తులో ఉంటాడని వినికిడి.)

వెంజు షిక్లూనా ఈ నిబంధనలను మనసారా గౌరవించే గృహస్థు. మాల్టా ద్వీపం నుంచి కుర్రతనంలో వచ్చి, పశ్చిమ సిడ్నీలోని స్నానాల గదుల్లో సగానికి టైల్స్ పరిచి, తన రెండు మోకాళ్ళనూ ఆ నేలల మీదే వదిలేసి రిటైరయ్యాడు. ఆదివారం పూజ తప్పడు. చెత్త డబ్బాను కౌన్సిల్ చెప్పినట్టే, మూత వీధివైపు తెరుచుకునేలా నిలబెడతాడు. ఈ రెండింటిలో ఏది పెద్ద భక్తో అతను ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

సాయంత్రం భోజనం కాగానే ముందు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి జపమాల చెప్పడం అతని అలవాటు. కూర్చుంటే నిద్ర పట్టేస్తుంది, మోకరిస్తే ఇద్దరు లేపాలి. అందుకని నిలబడే చెప్పేవాడు. మాల్టా భాషలో, పైకే. చర్చి వాళ్ళెవరైనా కుక్కను తిప్పుతూ అటు వస్తే గొంతు ఒక మెట్టు పెరిగేది. అది తన ప్రమేయం లేకుండా జరుగుతుందని అతని నమ్మకం.

ఒక ఆదివారం ఫాదర్ త్వాన్ ప్రసంగంలో, పదిమంది కంటపడాలని చేసే ప్రార్థనకు ఆ పదిమంది మెప్పే కూలి అనీ, పైనుంచి వేరే ఏమీ రాదనీ అన్నారు. అంటూ సరిగ్గా వెంజు వైపే చూశారు. (వెంజు వెనక గోడకు గడియారం ఉంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.)

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను భార్యతో అన్నాడు. "లోరెటా, వరండా ముందు చాటుగోడ కట్టిస్తాను. ఇకమీదట నా ప్రార్థన ఎవరికీ కనబడకూడదు."

"లోపల గది ఉందిగా. దానికి తలుపు కూడా ఉంది."

"గదిలో చేసుకుంటే మానేశాననుకుంటారు."

"ఎవరు?"

వెంజు కిటికీలోంచి వీధివైపు చూశాడు. "జనం," అన్నాడు.

"జనానికి కనబడకూడదనేగా ఈ గోడ?"

"కనబడకూడదు. అలాగని మానేశాననీ అనుకోకూడదు."

లోరెటా ప్లేట్లు తీసింది. "గోడకి బయటివైపు టైల్స్ కూడా వెయ్యి. చాటున ఉన్నావని బాగా తెలుస్తుంది," అంది.

నవ్వులాటకేం గానీ, వెంజుకు అది పెద్ద దిగులే అయి కూర్చుంది. ఆ ఆదివారం నుంచి ప్రార్థన నోటికి సరిగా రాలేదు. పూస పూసకీ తన గొంతు తనకే వినబడేది. ఇన్నేళ్ళుగా పైకి పంపాననుకున్నవన్నీ వీధి మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాయేమోనన్న భయం పట్టుకుంది. గోడ ఒక్కటి లేస్తే మాటలు మళ్ళీ దారిన పడతాయని అతని ఆశ.

కౌన్సిల్ కార్యాలయంలో కంచెలు, చాటుగోడలు, తత్సంబంధ చూపుల ఉపవిభాగం ఉంది. దాన్ని గ్లెన్ టల్లక్ అనే అధికారి నడుపుతున్నాడు. ఓపికస్తుడు, మర్యాదస్తుడు.

"దేన్ని చాటు చేయాలండీ?" అన్నాడు గ్లెన్, కంప్యూటర్ వైపు తిరిగి.

"ప్రార్థనని."

గ్లెన్ తెరను పైకీ కిందికీ జరిపాడు. "చెత్త డబ్బాలున్నాయి. నీళ్ళ ట్యాంకు ఉంది. ఏసీ మిషను, బట్టలారేసే తీగ, కారవాన్, ఈతకొలను పంపు... ప్రార్థన లేదండీ. చప్పుడొస్తుందా?"

"పైకే చదువుతాను."

"ఏకధాటిగానా, ఆగి ఆగా?"

"పూసకీ పూసకీ మధ్య ఊపిరి తీసుకుంటాను."

"అయితే పంపు కింద పెట్టేద్దాం," అన్నాడు గ్లెన్.

(ఆ విధంగా వెంజు షిక్లూనా ప్రార్థన ఈతకొలను పంపుల వర్గంలో నమోదైంది. అతను అభ్యంతరం చెప్పలేదు. పంపు కనీసం నీళ్ళనైనా శుభ్రం చేస్తుంది.)

తర్వాత స్థల పరిశీలన. గ్లెన్ పసుపు కోటు వేసుకుని, గీతలున్న పొడవాటి కర్ర ఒకటి తెచ్చి, ఎదుటి కాలిబాట మీద నిలబడ్డాడు. "మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి వెంజు గారూ. నేను లేననుకోండి."

వెంజు మొదలుపెట్టాడు. గ్లెన్ కర్రను ఎత్తి దించి, పెదవులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా కనబడుతున్నాయో రాసుకున్నాడు. ప్రభుత్వం వారు స్వయంగా వచ్చి చూస్తున్నారన్న స్పృహతో వెంజుకు ఆ రోజు మాటలు ధారగా వచ్చాయి. ఎక్కడా తడబడలేదు. ఎన్నో వారాల తర్వాత కళ్ళు కూడా చెమర్చాయి. అది గ్రహించి సిగ్గుపడ్డాడు, కానీ మధ్యలో ఆపలేదు.

కొలతలయ్యాక గ్లెన్ దగ్గరికి వచ్చి స్నేహంగా చెప్పాడు. "ఒక మార్గం ఉందండీ. మీరు మోకరించి, తల బాగా వంచితే, నడుము ఎత్తు గోడే సరిపోతుంది. అసలు పర్మిట్టే అక్కర్లేదు."

చర్చి ఇన్నేళ్ళుగా అడుగుతున్నదీ అదే. కౌన్సిల్ దానికి పర్మిట్ మినహాయింపును కూడా జోడించి అడుగుతోంది. వెంజు మోకాళ్ళు తడిమి చూసుకున్నాడు.

"నిలబడే చేస్తాను. ఎత్తు గోడకే రాయండి," అన్నాడు.

ఎత్తు గోడ అంటే బహిరంగ ప్రకటన తప్పదు. దీనికి మంచి కారణమే ఉంది. చాటుగోడ కట్టడమంటే వీధికి ఉన్న ఒక దృశ్యాన్ని తీసేసుకోవడం. ఏం పోతోందో వీధికి ముందుగా తెలియాలి. కాబట్టి దాచదలచినదాన్ని దాచేలోపు నలుగురికీ ప్రకటించి, కావలసినవారు వచ్చి చూసుకునే వీలు కల్పించాలని నిబంధన. వెంజు ఇంటి ముందు గడ్డి మీద, తలుపంత బోర్డు లేచింది. పసుపు రంగుది, వానకు తడవనిది.

అందులో ఇలా ఉంది: "ప్రతిపాదన: చాటుగోడ. ఉద్దేశం: ఈ ఇంటి నివాసి శ్రీ వి. షిక్లూనా సాయంకాల ప్రార్థన ప్రజల కంట పడకుండా చేయుట. దృశ్యమును పరిశీలించగోరువారు భోజన సమయానంతరం రావచ్చును."

వచ్చారు. మొదట కుక్కల వాళ్ళు వచ్చారు, తర్వాత కుక్కలు లేనివాళ్ళు కూడా వచ్చారు. పక్క వీధి దంపతులు మడత కుర్చీలు తెచ్చుకున్నారు. చర్చి ఆడవాళ్ళు జున్ను కూరిన పాస్తిట్సీలు వేడివేడిగా పళ్ళెంలో పెట్టుకుని వచ్చి అందరికీ పంచారు. ఇంతటి వినయవంతుడు మన వీధిలో ఉన్నాడని ఇన్నాళ్ళూ తెలియలేదే అని ఒకరితో ఒకరు అనుకున్నారు, వెంజుకు వినబడేలా. అతను తల వంచుకున్నాడు. ఆ వంచడం ఎవరికైనా కనబడిందా అని చూడటానికి మళ్ళీ ఎత్తాడు.

ఫాదర్ త్వాన్ కారాపి బోర్డు మొత్తం చదివారు.

"వెంజూ, వినయం గురించి ఇంత పెద్ద అక్షరాలు నేను ఎక్కడా చూడలేదు."

"నిబంధన, ఫాదర్."

"గోడ ఎందుకు కడుతున్నారు?"

"ఆవేళ మీరు నన్ను చూసే చెప్పారుగా."

ఫాదర్ కొంచెంసేపు గుర్తు చేసుకునే ప్రయత్నం చేశారు. తర్వాత పాస్తిట్సీ ఒకటి తీసుకుని, "గోడ కట్టాక లోపల ఎవరుంటారు?" అన్నారు.

"నేనొక్కణ్ణే."

"చూసేవాళ్ళలో ఎవరి కంటినుంచి దాక్కోవడం అందరికంటే కష్టమో, వాడు లోపలే ఉంటాడన్నమాట," అని వెళ్ళిపోయారు.

అభ్యంతరాల గడువు ముగిసే లోపల కౌన్సిల్‌కు ఒకే ఒక అభ్యంతరం అందింది. అది ఎదురింటి నోలా హాగ్రీవ్స్‌ది. నోలా వయసులో వెంజుకంటే పెద్దది, భర్త రాన్ పోయాక ఒంటరిగా ఉంటోంది. చర్చి మెట్టు ఎక్కని మనిషి. కారణం అడిగిన చోట "దృశ్య నష్టం" అని రాసింది.

వెంజు ఆ కాగితం పట్టుకుని వీధి దాటాడు.

"నోలా, మీకు దేవుడే లేడుగా. నేను గోడ చాటున ప్రార్థిస్తే మీకేం నష్టం?"

"ముందు లోపలికి రా. ఈగలొస్తాయి."

అతను వచ్చాడు. నోలా దోమతెర తలుపు వేసి కిటికీ పక్కన కూర్చుంది. అక్కడినుంచి అతని వరండా స్తంభం దగ్గర్నుంచి చూసినంత స్పష్టంగా కనబడుతోంది.

"ఉన్నాడో లేడో మీరిద్దరూ తేల్చుకోండి. నాకు ఆయనతో పని లేదు, నీతోనే," అంది. "రాన్ పోయాక సాయంత్రాలు ఓ పట్టాన కదలవు వెంజూ. టీవీ పెడితే అందరూ అరుస్తుంటారు. నువ్వు ఆ స్తంభం పట్టుకుని గొణుగుతుంటే, సరేలే, ఇంకొక మనిషి మేలుకునే ఉన్నాడు అనుకుంటాను. నువ్వు శిలువ గుర్తు వేసుకుని లోపలికి పోతే నేనూ గడియ పెట్టుకుంటాను."

"మీకు ఒక్క ముక్కా అర్థం కాదు కదా."

"అందుకే బాగుంటుంది. అర్థమైతే వాదించేదాన్ని. ఇంతకీ అంతసేపు ఎవరి కోసం చేస్తావు?"

"లోరెటా కోసం. పిల్లల కోసం. పోయినవాళ్ళ కోసం. నా మోకాళ్ళ కోసం."

"నేనున్నానా అందులో?"

వెంజు ప్రార్థనలో మోకాళ్ళకు చోటుంది. ఎదురింటికి లేదు. ఇన్నేళ్ళూ ఆ కిటికీకి ఎదురుగానే నిలబడ్డాడు.

"ఉన్నారు," అన్నాడు.

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి," అంది నోలా. "టీ పెడతాను, పాలు పోయనా?"

ఆ సాయంత్రం అతను ఆమెను చేర్చాడు. మోకాళ్ళ కంటే ముందే చేర్చాడు. మొదట అబద్ధాన్ని నిజం చేయడానికే చేశాడు గానీ, చెబుతూ చెబుతూ ఆమె కదలని సాయంత్రాలు, ఆమె ఒంటరి కిటికీ, పోయిన రాన్ అన్నీ గుర్తొచ్చి, తానెక్కడున్నాడో మర్చిపోయాడు. కుర్చీల వాళ్ళు ఎప్పుడు లేచి వెళ్ళారో చూడలేదు. ఆ ఆదివారం తర్వాత మొదటిసారి తన గొంతు తనకు వినబడలేదు. ఎదురింట్లో గడియ పడిన చప్పుడు మాత్రం వినబడింది.

గోడ అక్కర్లేదని మర్నాడే అర్థమైంది. కౌన్సిల్‌కు వెళ్ళి దరఖాస్తు వెనక్కి ఇమ్మన్నాడు.

"వీలు పడదండీ," అన్నాడు గ్లెన్, నిజంగానే బాధపడుతూ. "అభ్యంతరం వచ్చాక విషయం మీది కాదు. ఇప్పుడు వెనక్కిస్తే ఆవిడ హక్కు మధ్యలో పోతుంది."

"ఆవిడకి గోడ వద్దు. నాకూ వద్దు."

"ఇద్దరూ ఒప్పుకున్నప్పుడే ఇంకా జాగ్రత్తగా విచారించాలండీ," అన్నాడు గ్లెన్.

చాటు వ్యవహారాల సంఘం సమావేశమై, పటాలు పరచుకుని, విచారించింది. నిర్ణయం చేతికివ్వడానికి గ్లెన్ స్వయంగా ఇంటికే వచ్చాడు.

"శుభవార్తండీ. గోడకి అనుమతి లేదు."

"దేవుడికి స్తోత్రం," అన్నాడు వెంజు.

"షరతులు కొన్ని ఉన్నాయి." గ్లెన్ వరండా మెట్టు మీద కూర్చుని చదివి వినిపించాడు. సదరు ప్రార్థన చిరకాల వాడుక వల్ల ఎదుటి ఆస్తికి చెందిన దృశ్యమైపోయిందని సంఘం అభిప్రాయపడింది. కావున దానిని అదే స్థలమున, అదే వేళకు, నిలబడియే కొనసాగించవలెను. పెదవుల కదలిక ఎదుటి కిటికీ నుంచి కనబడవలెను. మానిన ప్రతి సాయంకాలానికీ జరిమానా.

"వానొస్తే?" అన్నాడు వెంజు.

"వరండాకి పైకప్పుందండీ. చూసుకున్నాం."

"నాకు జబ్బు చేస్తే?"

"బదులు మనిషిని పెట్టొచ్చు. ఎత్తు కాస్త అటూ ఇటూగా సరిపోతే చాలు."

గుమ్మంలో నిలబడ్డ లోరెటా, "నా వైపు చూడకు," అంది.

"ఇల్లు అమ్మేస్తే?"

"షరతు ఇంటికండీ, మీకు కాదు. కొన్నవాళ్ళు చేస్తారు."

"వాళ్ళు ఏ దేవుణ్ణీ నమ్మకపోతే?"

గ్లెన్ కాగితం తిరగేసి చూశాడు. "నమ్మకం గురించి షరతేమీ పెట్టలేదండీ," అన్నాడు.

వెంజు సంతకం చేశాడు. దేవుడి కోసం నిలబడినన్నాళ్ళూ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకీ, పెళ్ళి విందులకీ, ఊరికే బద్ధకానికీ అతను మానేసిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. కౌన్సిల్ ఆదేశం వచ్చాక ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు.