గొంతులు మారిన గురువారం

కొత్తరేవులో నాలుగో గురువారం సామూహిక గానం ముగిసేసరికి నూకరత్నం గొంతు గవరయ్యకీ, గవరయ్య గొంతు నూకరత్నానికీ వెళ్ళిపోయాయి. గుడి బయట చెప్పులు మారినట్టే మారాయి తప్ప ఇందులో ఎవరి తప్పూ లేదని పురపాలక సంఘం నోటీసు అంటించింది. ఆ వారం మారినవి మొత్తం పదకొండు జతలు. అభ్యంతరాలుంటే తొంభై రోజుల్లోగా మూడు ప్రతుల్లో దాఖలు చేసుకోవచ్చు.

మంచినీళ్ళ కుళాయి దగ్గర రేవు వీధికీ మిట్ట వీధికీ కొట్లాట జరిగి, రాయి తగిలి ఒక మనిషి పోయాక, రెండు వీధుల వాళ్ళనూ వారానికోసారి కల్యాణమండపంలో పక్కపక్కన నిలబెట్టి పాడించాలని అధికారులు తీర్మానించారు. కలిసి పాడితే మనసులు కలుస్తాయన్నారు. హాజరు తప్పనిసరి. పోయినవాడు రేవు వీధి సింహాద్రి, నూకరత్నం అన్న. రాయి ఎవరు విసిరారో తేలలేదని కాగితాల్లో ఉంది. మిట్ట వీధి గవరయ్యేనని రేవు వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. మండపంలో ఎత్తుల ప్రకారం నిలబెట్టడంతో ఆమె పక్కచోటు అతనికే వచ్చింది.

నూకరత్నం తల్లి సన్నెమ్మకి చూపు లేదు. కూతురు గొంతు వినిపిస్తేనే ముద్ద మింగుతుంది. ఆ గురువారం కూతురి నోట మగగొంతు వినేసరికి ముసలామె పళ్ళు బిగించేసింది. రెండు రోజులు పస్తు. మూడోనాడు నూకరత్నం మిట్ట వీధికి వెళ్ళి గవరయ్య గుమ్మంలో నిలబడింది.

"మాయమ్మ తినట్లేదు. వచ్చి ఓ మాట అను," అంది అతని గొంతుతోనే.

గవరయ్య తలుపు చేరవేసి ఆమె వెనకే వచ్చాడు. ఆనాటి నుంచి రోజూ సాయంత్రం అదే పని. ఆమె చారన్నం కలిపి నోటికందించేది. అతను పక్కన గొంతుక్కూర్చుని "తినమ్మా" అనేవాడు. ముసలామె తినేది. సంఘంలో మైత్రీ విభాగం గుమాస్తా పార్థసారథి దీన్ని పరస్పర సహకారం కింద రాసుకుని, ప్రతి మంగళవారం అరుగు మీద కూర్చుని తనిఖీ చేసి పోయేవాడు.

అలాంటి ఒక మంగళవారం సన్నెమ్మ పోయిన తన కొడుకు మాటెత్తింది.

"ఆ రాయి ఇసిరినోడికి ముద్ద దిగుతోందేటే?" అని కూతుర్ని అడిగింది.

నూకరత్నం చెయ్యి గాలిలో ఆగిపోయింది. తను నోరు తెరవడానికి లేదు.

"దిగట్లేదమ్మా," అన్నాడు గవరయ్య. "ఇసిరింది నానే."

"నువ్వెలాగవుతావే? ఆ పొద్దు నా తల దువ్వతన్నావు కదా!" అంటూ ముసలామె తడుముకుంది. చెయ్యి గవరయ్య మీసానికి తగిలింది. ఆ చెయ్యి ఆమె వెనక్కి తీసుకోలేదు.

అరుగు మీద పార్థసారథి కలం మూత తీశాడు. మాట ఏ గొంతులో వస్తే, ఆ గొంతుతో పుట్టిన మనిషిదేనని నిబంధన. కాబట్టి నేరం ఒప్పుకున్నది నూకరత్నం.

"అన్నేయం బాబూ! మా అన్నని సంపింది ఈడు!" అని నూకరత్నం అరిచింది. అది గవరయ్య గొంతు కనుక, అన్నను పోగొట్టుకున్నది గవరయ్య అని గుమాస్తా ఆ కిందే రాసుకున్నాడు.

"నాను సెప్తన్నాను కదా, నన్ను రాసుకోండి," అని గవరయ్య అడ్డొచ్చాడు. నూకరత్నం రెండోసారి కూడా ఒప్పుకున్నట్టు నమోదైంది. సన్నెమ్మ సాక్ష్యం చెబుతానంది. చూపు లేనివారు ప్రత్యక్ష సాక్షుల కిందికి రారు.

పార్థసారథి మంచివాడే. "కేసైతే నువ్వు జైలుకెళ్ళాలమ్మా," అన్నాడు నూకరత్నంతో. "మరి మీ అమ్మకి ముద్ద కలిపేదెవరు? గురువారం వేదిక మీద రెండు ముక్కలు క్షమాపణ చెప్పేయ్, ఫైలు మూసేస్తాం. క్షమాపణ ఎవరిదో తేల్చడానికి గొంతుతో పనిలేదు, వేలిముద్ర చాలు."

ఆమె తల్లివైపు చూసి, వేలిముద్ర వేసింది.

గురువారం ఆమెను వేదికెక్కించారు. "నా వల్ల సింహాద్రి పోయాడు. నన్ను క్షమించండి," అంది. మండపమంతా గవరయ్య గొంతు మోగింది. ఆ గొంతులో ఆ మాట ఒక్కసారి వినాలని అన్న పోయిన రోజు నుంచీ ఆమె కోరుకుంటూనే ఉంది. చివరికి విన్నది. తన నోటితో తనే అనవలసి వచ్చింది, అంతే.

కింద గవరయ్య ఆమె గొంతుతో వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్నవాడని అతనికి శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. పార్థసారథి ఫైలు మీద శాంతి నెలకొన్నదని ముద్ర వేశాడు. నూకరత్నం వేదిక దిగి తన చోటికి వచ్చి నిలబడింది.

"పాటవగానే బేగి రా. అమ్మ ఆకలితో ఉంటాది," అని పక్కనున్న గవరయ్యతో చెప్పి, అతని గొంతుతోనే పాట అందుకుంది.