మోసే మనిషి

పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. నిచ్చెన మీంచి పడి నడుము పోగొట్టుకున్న పెయింటరు, బామ్మర్ది భుజం పట్టుకుని వికలాంగ భృతి తనిఖీకి వెళ్లి రావాలి. పని చేసే వయసులో ఉండీ చేయలేనివాళ్లకిచ్చే భృతుల ఖర్చు పెరిగిపోయిందని ప్రభుత్వం అందర్నీ మళ్లీ పరీక్షిస్తోంది. అది ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు. అబద్ధమాడొద్దని, అడక్కుండా నవ్వొద్దని భార్య రెండుసార్లు చెప్పి పంపింది.

తీరా వెళ్తే తనిఖీ మూడో అంతస్తులో. పొదుపు కోసం లిఫ్టు ఆపేశారట. ఎక్కకపోతే రానట్టు, ఎక్కితే ఒళ్లు బాగున్నట్టు. బామ్మర్ది కాసేపు తల గోక్కుని, బావను వీపున వేసుకున్నాడు.

"కదలకు బావా. మా అక్క నీకేం పెడుతోందో గానీ, నాకు మాత్రం మజ్జిగే పోస్తుంది" అని రొప్పుతూ పైకి చేర్చి, తలుపు బయట దించి, భుజం పట్టించి లోపలికి నడిపించాడు.

అధికారిణి కళ్లద్దాల మీంచి చూసింది. "పైకెలా వచ్చారు?"

పెయింటరు పక్కనున్న బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్దికీ భృతి వస్తోంది, బరువులెత్తలేడని. మోశాడంటే వాడి నోటికాడ కూడు పోతుంది. మోయలేదంటే తనది. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి, ఎలాగో వచ్చానన్నాడు.

"అంటే ఎక్కారన్నమాట" అంటూ ఆమె కలం తీసింది.

కలం కాగితానికి ఆనేలోపు బామ్మర్ది గొంతు సవరించుకున్నాడు. "నేనే మోసుకొచ్చానండి."

"మూడంతస్తులూనా? మధ్యలో దించారా?"

అక్కడ తగ్గి ఉంటే సరిపోయేది. "ఎక్కడా దించలేదండి" అన్నాడు, కాస్త ఛాతీ విరిచి.

బావ భృతి నిలిచింది. బామ్మర్దిది అక్కడికక్కడే పోయింది. ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. ఎక్కలేనివాళ్లు గుమ్మం దగ్గర బారులు తీరి కూర్చున్నారు. లిఫ్టు నడపడం కన్నా మనిషి చవక. మర్నాటి నుంచి మోసే ఉద్యోగం బామ్మర్దికే ఇచ్చారు. ఇంటికొచ్చాక సంతోషించాలో ఏడవాలో తెలియక పెయింటరు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నెల తిరక్కుండా బామ్మర్ది నడుము పట్టేసింది. భృతికి మళ్లీ పెట్టుకుంటే తనిఖీకి రమ్మన్నారు. బావ కర్ర సాయంతో తోడు వెళ్లాడు.

మోసే మనిషి సెలవులో ఉన్నాడని కిందే చెప్పారు.