పన్ను అప్పీలుకి మూడు మేకలు

ఆ శుక్రవారం పొద్దున ఎర్విన్ హ్రుస్కా వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య అదేలా చర్చిలో పాటల సాధనకి వెళ్ళగానే ఇంటిని కాస్త పాడుచేసి, ఫోటోలు తీసి, ఆవిడ తిరిగొచ్చేలోగా మళ్ళీ బాగుచేసెయ్యాలి.

కారణం లేకపోలేదు. ఆస్టిన్ నగరం పెరిగి పెరిగి టెక్సస్‌లోని వాళ్ళ చిన్న ఊరి పొలిమేరదాకా వచ్చేసింది. కౌంటీ పన్ను అధికారులు ఈ ఏడు తన ఇంటికి కట్టిన విలువ చూసి ఎర్విన్‌కి కాఫీ పొలమారింది. విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడి పింఛను ఆ బరువు మోయలేదు. ఇలాగే సాగితే తమ చేతులతో కట్టుకున్న ఇంటిని తామే అమ్ముకోవాలి. ఆ మాట అదేలా రెండుసార్లు అంది. అందుకే విలువ తగ్గించమని అప్పీలు పెట్టాడు. సోమవారం విచారణ.

నిచ్చెనెక్కి, చూరు కింద వాననీటి గొట్టానికున్న మేకు ఒకటి వదులు చేశాడు. కాస్త వేలాడుతుందనుకున్న గొట్టం మొత్తం ఊడి, కిటికీ తలుపుని కూడా వెంటబెట్టుకుని కింద పడింది. 'మంచిదే' అనుకుని ఫోటో తీశాడు. పూలమొక్కలు మరీ పచ్చగా కనబడుతున్నాయని పక్కింటి లాడిస్‌ దగ్గరికి మేకని అడగడానికి వెళ్ళాడు.

"ఎన్ని కావాలేంటి?"

"ఒక్కటి చాల్లే."

"ఒక్కదాన్నే పంపితే బెంగ పెట్టుకుంటుంది. మూడూ తోలుకుపో."

మూడూ పూలు తిన్నాయి. తిన్నాక వరండా ఎక్కి, కటకటాలు విరగ్గొట్టి, దోమతెర తలుపు చింపుకుని లోపలికి పోయాయి. వాటిని తరమబోయి ఎర్విన్ జారి వెల్లకిలా పడ్డాడు. సరిగ్గా అప్పుడే చర్చి సంఘం పెద్దావిడ వ్లాస్తా అటుగా వెళుతూ కారాపింది.

"అయ్యో ఎర్విన్! ఇల్లిలా అయిపోయిందేమిటయ్యా? మాకో మాట చెప్పకూడదూ?"

నిజం చెబితే పరువు పోతుంది. "ఏదో, ఇలా గడుస్తోంది వ్లాస్తా" అన్నాడు పడుకునే.

ఆ ఒక్క మాట చాలింది. వ్లాస్తా కారు చర్చికి చేరేసరికి ఎర్విన్ దివాలా తీశాడు, పాట పూర్తయ్యేసరికి మంచాన పడ్డాడు. అందరూ తనని కౌగలించుకుని ఎందుకు ఏడుస్తున్నారో అదేలాకి ఇంటికొచ్చేదాకా అర్థం కాలేదు.

"ఎర్విన్, పడగ్గదిలో మేక ఉంది."

"అప్పీలు కోసం."

శనివారం తెల్లవారగానే చర్చి జనం నిచ్చెనలతో, రంగు డబ్బాలతో, పండ్ల గుజ్జు పెట్టిన వేడివేడి కొలాచీ రొట్టెల పళ్ళేలతో దిగిపోయారు. ఎర్విన్ వద్దన్నకొద్దీ "పాపం, ఎంత ఆత్మాభిమానమో!" అని కళ్ళొత్తుకుని ఇంకో పూత వేశారు. చీకటి పడేసరికి ఇల్లు పెళ్ళికూతురిలా ఉంది. కట్టిన కొత్తలో కూడా దానికంత కళ లేదు.

సోమవారం విచారణ బల్ల వెనక అప్పీళ్ళ బోర్డు సభ్యులు ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షురాలు కార్లీన్ ఫోటోలు తిరగేసింది.

"అయ్యా, మేం విలువ కట్టేది జనవరి ఒకటో తేదీన ఇల్లెలా ఉందో చూసి. మీ మేకలు మొన్న మే నెలలో వచ్చినట్టున్నాయి."

"అంటే... లెక్కలోకి రావాండీ?"

"రావు. చుట్టుపక్కల మీలాంటి ఇళ్ళు ఎంతకి అమ్ముడయ్యాయో ఆ వివరాలేమైనా తెచ్చారా?"

"ఇంకో మేక ఫోటో ఉందండీ."

చివరి కుర్చీలోని సభ్యుడు దగ్గాడు. "నేనీ విషయంలో తీర్పు చెప్పకూడదమ్మా. ఆ వరండాకి రంగేసింది నేనే. ఇప్పుడు చాలా బాగుంది" అని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఎర్విన్ నీరుగారిపోయి పక్కనే కూర్చున్న భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"విలువ తగ్గించలేం" అంది కార్లీన్, కాస్త మెత్తగా. "కానీ ఇంకో దారుంది. మీకు సొంతింటి మినహాయింపు ఇప్పటికే ఉంది. ఇంట్లో భార్యాభర్తల్లో ఒక్కరికైనా అరవై అయిదు నిండితే ఇంకో మినహాయింపొస్తుంది. స్కూలు పన్ను ఇక పెరగదు కూడా."

"ఆ అదృష్టం లేదండీ. నాకు అరవై మూడు, ఈవిడకి అరవై."

అదేలా కిటికీ వంక చూసింది. చేతిసంచీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. డ్రైవింగ్ లైసెన్సు తీసి బల్ల మీద బోర్లించి, కార్లీన్ వైపు వేలితో నెట్టింది.

"అరవై ఏడు" అంది, బల్లతో చెబుతున్నట్టు.

"ఎవరికి?" అన్నాడు ఎర్విన్.

"నాకే. మనం మొదటిసారి కలిసిన రోజు డాన్సులో నువ్వు వయసడిగావు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇరవై దాటనివాళ్ళు. నోటికొచ్చింది చెప్పాను."

"మరి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"నువ్వు మళ్ళీ అడిగావా?"

కార్లీన్ లైసెన్సు తిప్పి చూసింది. నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తుడుచుకుంది. "ఇవాళే దరఖాస్తు ఇచ్చి వెళ్ళండి. నిరుడు ఎక్కువ కట్టింది కూడా వెనక్కొస్తుంది. ఇల్లమ్మే మాటే మరిచిపోండి."

ట్రక్కులో కూర్చున్నాక ఎర్విన్ గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. నెలరోజులుగా మెడ మీద కూర్చున్నదేదో దిగిపోయింది. అదేలా ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ చేస్తోంది. అతను తాళంచెవి తిప్పబోయి ఆగాడు.

"అయితే నువ్వు నాకంటే నాలుగేళ్ళు పెద్దదానివా?"

"అందుకేగా ఇన్నాళ్ళూ నిన్నేమీ అనకుండా ఊరుకున్నాను, చిన్నపిల్లాడివి కదా అని."