మొక్కు పోతు, సర్కారు బోను

పులికీ ప్రజలకూ మధ్య ఇకపై తానే అడ్డంగా నిలబడతానని ఎమ్మెల్యే రాంప్రసాద్ గారు ప్రకటించారు. ప్రకటన వరంగల్‌లో, ఏసీ హాల్లో జరిగింది. పులి తిరుగుతున్నది ఏటూరునాగారం అడవి అంచున, సారయ్య మేకల కొట్టం వెనుక. దూరం కాస్త ఎక్కువే గానీ, ఆయన పట్టుదలను ఎవరూ శంకించలేదు.

సారయ్య అడిగింది ఒక్కటే, కొట్టానికి ఇనుప తలుపు. ఇప్పుడున్నది తడిక. పులి తుమ్మినా పడిపోతుంది. కొట్టంలో మేకలన్నీ ఒక ఎత్తు, నల్ల మేకపోతు ఒక ఎత్తు. నిరుడు భార్య మొగిలమ్మ జ్వరంతో దవాఖానలో తెలివి లేకుండా పడి ఉంటే, ఆమె లేచి కూర్చుంటే వచ్చే జాతరలో మేడారం సమ్మక్కకు పోతును ఇస్తానని మొక్కాడు. మొగిలమ్మ లేచి కూర్చుంది. ఆ సాయంత్రమే మొగుణ్ణి తిట్టడం కూడా మొదలుపెట్టింది. మొక్కు గుర్తుగా పోతు చెవికి గాటు పెట్టి వదిలాక అది ఇక సారయ్యది కాదు, తల్లిది. దానికేమైనా అయితే మొగిలమ్మ మళ్ళీ మంచం పడుతుందేమోనని అతని భయం.

తలుపు అడిగినవాడికి తలుపే ఇస్తే అది పాలన ఎలా అవుతుంది? ఎమ్మెల్యే గారు బోను పంపించారు. ట్రాక్టర్ మీద, దండ వేసి, డప్పులతో. బోనుకు నాలుగు పక్కలా ఆయన ఫ్లెక్సీలు కట్టారు.

"సార్, గివి కడితె లోపల కట్టిన మేక పులికి కనవడది," అన్నాడు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ రయీస్, భయపడుతూనే.

"మేక కనవడకున్నా ఫికర్ లేదు రయీస్ భాయ్. అన్న కనవడాలె," అన్నాడు మండల పార్టీ అధ్యక్షుడు యాదగిరి.

ఇంతలో ఎమ్మెల్యే గారు ప్రారంభోత్సవానికి రానే వచ్చారు. సారయ్యను స్టేజీ ఎక్కించి, కృతజ్ఞతలు చెప్పమని మైకు ఇచ్చారు. తలుపు సంగతి ఎత్తబోతే చప్పట్లు కొట్టారు. కిందికి దిగి వచ్చేసరికి బోనులో నల్ల పోతు కట్టేసి ఉంది. కొట్టంలో బాగా బలిసింది అదేనని యాదగిరే ఏరి తెచ్చాడు.

సారయ్య రయీస్ కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. "సార్, ఇది మొక్కు యాట. ఇంకేదన్న కట్టుండ్రి."

"నన్నేం జెయ్యమంటవ్ సారన్నా? బోన్ల కట్టినంక అది సర్కారుది. పులి తినాలె, లేకుంటె పైనుంచి ఆర్డర్ రావాలె."

ప్రారంభోత్సవం అయ్యాక దావత్ లేకపోతే కార్యకర్తలకు అది ప్రారంభోత్సవం అనిపించదు. ఎమ్మెల్యే గారు అటవీ గెస్ట్‌హౌస్‌లో బస చేశారు. మసాలా వాసన ఊరంతా వచ్చింది.

తెల్లారి చూస్తే పోతు లేదు. బోను తలుపు మర్యాదగా వేసే ఉంది. తాడు తెగలేదు, ముడి విప్పి చుట్టగా చుట్టి పక్కన పెట్టి ఉంది.

"పులి జాడలు లేవు సార్," అన్నాడు రయీస్ నేల చూస్తూ.

"మన ఏరియా పులికి గంత డిసిప్లిన్ ఉన్నది," అన్నారు ఎమ్మెల్యే గారు. వెంటనే బోను ముందే ప్రెస్ మీట్ పెట్టారు. "ప్రభుత్వం పెట్టిన మేకను పులి అందుకున్నది. అంటే మన పథకం చివరి లబ్ధిదారు దాకా చేరినట్టే!"

సారయ్యకు దుఃఖం ఆగలేదు. గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"సార్, అది ఉత్త యాట గాదు. సమ్మక్క మొక్కు. చెవికి గాటు వెట్టి ఇడిసిన. తల్లి సొత్తు తిన్నోళ్ళకు అరగది సార్. కడుపు వట్టుకొని పొర్లుతరు."

డప్పులవాళ్ళు కూడా ఆగిపోయారు. యాదగిరి పళ్ళు కుట్టుకుంటున్న పుల్లను నోట్లోంచి తీశాడు. గన్‌మెన్ పీఏ వంక చూశాడు, పీఏ డ్రైవర్ వంక చూశాడు. ఎమ్మెల్యే గారు మైకు చేత్తో మూసి మెల్లగా అడిగారు.

"యాదగిరీ, చెవికి గాటు ఉండెనా?"

"చూస్కోలే అన్నా." యాదగిరి పుల్లను వెనక్కి దాచాడు. "అంటే... పులి చూస్కోలేదేమో."

మధ్యాహ్నానికి ఎమ్మెల్యే గారికి కడుపులో పట్టేసింది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. డాక్టర్లకు ఏం తెలుసని ఆయన అక్కణ్ణుంచి నేరుగా మేడారం బయల్దేరారు.

సారయ్య, మొగిలమ్మ అప్పటికే అక్కడున్నారు, తల్లికి క్షమాపణ చెప్పుకోవడానికి. తల్లి కొలువుండే గద్దెల దగ్గర కాంటా వేలాడుతోంది. ఒక పక్క ఎమ్మెల్యే గారు కూర్చున్నారు, రెండో పక్క ఆయనంత బరువు బెల్లం పెట్టారు. తల్లికి ఇచ్చే ఆ బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. బంగారం చాలక మళ్ళీ తెప్పించారు.

"ఈ మొక్కు దేనికి సార్?" అని విలేకరి మైకు పెట్టాడు.

"పాపం, పులి నోరులేని జీవి. తెలియక తప్పు చేసింది," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ప్రజాప్రతినిధిగా దాని తరఫున నేనే చెల్లిస్తున్నాను."

ఆయన దిగగానే యాదగిరి ఎక్కాడు. వెనుక పీఏ, గన్‌మెన్, డ్రైవర్లు, వంటవాళ్ళు లైన్లో ఉన్నారు.

"గీళ్ళందరు ఎవలయ్యా?" అంది మొగిలమ్మ.

"పులి తరపోళ్ళు."

మొగిలమ్మ కొంగు పట్టి గద్దెకు దండం పెట్టుకుంది. "తల్లీ సమ్మక్కా, మా కొట్టానికి ఇనుప తలుపు వస్తె, ఇంకో పోతును..."

సారయ్య గబుక్కున ఆమె నోరు మూశాడు.

"మెల్లగ మొక్కవే. గాళ్ళు ఇంటాండ్లు."