అధ్యక్షులవారి ఆసనం

ఒక పెద్ద అడవిలో మాట్లాడడం రాని జంతువు ఒక్కటీ లేదు. అయినా మాట్లాడడం నేర్పడానికి ఒక సంఘం వెలిసింది. పేరు కంచుకంఠ వక్తల సంఘం. ప్రతి శుక్రవారం సమావేశం. అధ్యక్షుడు ఏనుగు గండయ్య.

సమయం చూసేది ఊసరవెల్లి. మొదట ఆకుపచ్చ, మూడో నిమిషానికి పసుపు, నాలుగో నిమిషానికి ఎరుపు. ఎరుపెక్కిందంటే నోరు మూయాల్సిందే. "అంటే", "మరి" అని నసిగితే వడ్రంగిపిట్ట చెట్టు మీద టక్కున కొడుతుంది. చివర్లో గుణదోషాలు చెప్పేది నక్క నాగభూషణం. జన్మలో ఒక్క ఉపన్యాసమూ ఇవ్వలేదు, అందుకే ఆ పదవి.

ఆ శుక్రవారం గండయ్య ఒక మెత్తటి గడ్డి దిబ్బ చూసుకుని కూలబడ్డాడు. దాని కిందే చుంచెలుక బుల్లెమ్మ కలుగు. చుట్టూ రాయి, ఉన్నది ఒకటే ద్వారం. లోపల నలుగురు పిల్లలు. గింజలకు వెళ్ళి తిరిగొచ్చిన బుల్లెమ్మ తెచ్చిన గింజలు అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, లేవండి! మా పిల్లలు..."

"సభ్యులు కానివాళ్ళు మాట్లాడకూడదమ్మా" అన్నాడు నాగభూషణం.

"అయితే చేర్చుకోండి!"

చేర్చుకున్నారు. చప్పట్లు కొట్టి మరీ వేదిక ఎక్కించారు.

"అయ్యా, అంటే... మా పిల్లలు... మరి..."

టక్. టక్.

"ముందు సంబోధన తల్లీ!"

బుల్లెమ్మ ఏడుపు దిగమింగి, గౌరవనీయులైన అధ్యక్షులవారితో మొదలుపెట్టింది. కార్యదర్శి, ఉపకార్యదర్శి, మాజీ ఉపకార్యదర్శి దాకా వచ్చేసరికి ఊసరవెల్లి ఎర్రబడింది.

నాగభూషణం లేచాడు. "అద్భుతం! ముఖ్యంగా ఆ వణుకు. కన్నీళ్ళు మాత్రం కాస్త తొందరపడ్డాయి. విషయమేమిటో తెలియలేదు, అది చిన్న లోపం."

ఉత్తమ వక్త అంటూ ఆమె మెడలో మోదుగ పువ్వు వేశారు. ఆ బరువుకి బుల్లెమ్మ ముందుకు తూలింది. దిబ్బ కింద నుంచి సన్నగా కిచకిచలు వినిపించాయి.

"సభలో ఎవరా గుసగుసలు?" గండయ్య గద్దించాడు.

బుల్లెమ్మకు ఒళ్ళు మండిపోయింది. గెలిచినవాళ్ళు మళ్ళీ రెండు ముక్కలు చెప్పడం ఆనవాయితీ. గొంతు సవరించుకుంది.

"అంటే... మన గండయ్యగారు... మరి... ఈ అడవికే వెలుగు! అవి చెవులా? వింజామరలు! అంటే... అది తొండమా? మరి... దానం చేసే చెయ్యి!"

వడ్రంగిపిట్ట ముక్కు కదపలేదు. పావుగంట గడిచింది. ఊసరవెల్లి లేత ఆకుపచ్చగానే ఉంది.

"ఇంతటి నిలువెత్తు మూర్తిని కూర్చోబెట్టి చూడడం మా దౌర్భాగ్యం! తమరు లేచి నిలబడితే అచ్చం..."

గండయ్య సిగ్గుపడుతూ లేచాడు. నలుగురు పిల్లలూ తుమ్ముకుంటూ బయటికి దూకారు. బుల్లెమ్మ మాట మధ్యలోనే వదిలేసి, పువ్వు అక్కడే పారేసి, పిల్లల్ని తోలుకుని పొదల్లోకి పరుగెత్తింది.

"ముగింపు కాస్త హఠాత్తుగా ఉంది" అన్నాడు నాగభూషణం.

అచ్చం దేనిలా ఉన్నాడో తెలుసుకుందామని గండయ్య ఇప్పటికీ నిలబడే ఉన్నాడట.

నీతి: కష్టం చెప్పుకుంటే పతకం వస్తుంది, పొగిడితే పని జరుగుతుంది.