బీరువాలో కోడలు

పొద్దున్నే ఆ ఇంట్లో వేసుకున్న పథకం ఎంత సులువైనదంటే, అందులో తప్పు జరగడానికి చోటే లేదని ముగ్గురికీ అనిపించింది. భర్త పనికి వెళ్తాడు. అత్తగారు వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లెవరూ గంట నొక్కకుండా చూసుకుంటారు. అనౌన్సరమ్మ పడగ్గది బీరువాలో కూర్చుని నవలలో మొదటి అధ్యాయం చదివి, ఫోన్లో రికార్డు చేసి, సాయంత్రంలోగా పంపిస్తుంది. అంతే.

అనౌన్సరమ్మ అనేది ఆ భవనంలోవాళ్లు పెట్టిన పేరు. చాలా ఏళ్లపాటు బస్టాండు మైకులో బస్సుల రాకపోకలు చెప్పింది ఆమే. తర్వాత ఆ కుర్చీలో ఒక యంత్రాన్ని కూర్చోబెట్టారు. దానికి జలుబు చెయ్యదు, సెలవు కావాలనదు. "మాట్లాడే పని తప్ప నాకింకో పని రాదు అత్తయ్యా" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంటే, "అయితే మాట్లాడే పనే ఇంకోటి చూసుకుందాం" అన్నారు అత్తగారు. ఆవిడకు చూపు తగ్గి, కొంతకాలంగా పుస్తకాలను చెవులతోనే చదువుతున్నారు. ఆ పుస్తకాలు చదివి వినిపించే సంస్థకే కోడలి చేత గొంతు పంపించారు.

సంస్థలో ఎడిటరుగారికి ఆ గొంతు నచ్చింది. చదవడమే నచ్చలేదు. మొదటిసారి పంపినదాంట్లో ఎదురింటి కుట్టుమిషను కథ కన్నా స్పష్టంగా వినిపించింది. రెండోసారి మిషను లేదు కానీ, "అమ్మా, మీ గొంతు బంగారం. అయితే కథలో ఆ అమ్మాయి ఇల్లు వదిలి వెళ్తుంటే, ఏ నంబరు ప్లాట్‌ఫారం నుంచి వెళ్తుందో కూడా చెబుతారేమో అనిపిస్తోంది" అన్నారు ఎడిటరుగారు. ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, ఈ రోజు సాయంత్రం దాటితే పుస్తకం వేరేవాళ్లకు వెళ్లిపోతుందనీ చెప్పారు.

అనౌన్సరమ్మ నేరమంతా శబ్దాల మీదికి నెట్టింది. చుట్టూ మోత ఉంటే మనసు ఎలా నిలుస్తుంది? అందుకే ఈ బీరువా. గోడలోకి కట్టిన పాత చెక్క బీరువా అది, మనిషి ముక్కాలిపీట వేసుకుని కూర్చోవచ్చు. మూడు వైపులా బట్టలు వేలాడుతుంటే బయటి మోత లోపలికి రాదు. ఫ్రిజ్జు ఆపేశారు, ఫ్యాను ఆపేశారు, గోడ గడియారంలో బ్యాటరీ తీసేశారు. విషయం మాత్రం ఎవరికీ చెప్పొద్దని ఆమె అత్తగారి దగ్గర మాట తీసుకుంది. రెండుసార్లు తిరగ్గొట్టారని తెలిస్తే నవ్విపోతారని ఆమె భయం.

భర్త లిఫ్టు మెకానిక్కు. మనిషి మంచివాడే కానీ, గోటితో పోయేదానికి గొడ్డలి తీసే రకం. లిఫ్టు తమ అంతస్తులో ఆగినప్పుడల్లా గంట మోగుతుందని గుర్తొచ్చి, ఆ గంట వైరు పీకడం మానేసి, ఏకంగా లిఫ్టునే ఆపేసి 'మరమ్మతు జరుగుతోంది' అని బోర్డు తగిలించాడు. తర్వాత భార్యను బీరువాలో కూర్చోబెట్టి, నెత్తిన దుప్పటి కప్పి, గాలికి కాస్త సందు ఉంచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది. మీరు వెళ్లండి."

భార్యకు తాను చేయగలిగినదంతా చేశానన్న తృప్తితో అతను పనికి బయల్దేరాడు. లిఫ్టు లేకపోతే జనం మెట్లెక్కుతారనీ, ఆ మెట్లన్నీ తమ గుమ్మం ముందు నుంచే వెళ్తాయనీ ఆ క్షణంలో అతనికి తట్టలేదు.

ముందుగా వచ్చింది ఎదురింటి టైలరమ్మ. రెండు చేతులా గుడ్డల మూటలతో మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుంటూ గుమ్మంలో అత్తగారిని చూసింది. అత్తగారు మూతి మీద వేలు పెట్టుకున్నారు.

"ఏమైంది పిన్నిగారూ?" టైలరమ్మ కూడా గొంతు తగ్గించింది.

"చప్పుడు చెయ్యకమ్మా. కోడలు లోపలుంది."

"పడుకుందా?"

"లేదు. బీరువాలో కూర్చుంది."

టైలరమ్మ చేతిలో మూట జారి కింద పడింది. "బీరువాలోనా? ఎందుకు?"

అబద్ధం చెప్పడం అత్తగారికి చేతకాదు. ఇచ్చిన మాట తప్పడమూ చేతకాదు. అందుకని నిజంలో చెప్పదగినంత మేరకే చెప్పారు. "ఈ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా దానికి ప్రశాంతత లేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించింది, పాపం. ఈసారి ఏమవుతుందో ఏమో."

ఆడమనిషి రెండుసార్లు ప్రయత్నించేదీ, పెద్దవాళ్లు పైకి చెప్పుకోలేనిదీ ఏముంటుందా అంటే, టైలరమ్మకు ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఒకటే తోచింది. మూటలు అక్కడే వదిలేసి, పై అంతస్తులో ఉండే నర్సమ్మను లేపడానికి పరుగెత్తింది.

దారిలో వడ్రంగి ఎదురయ్యాడు. పై అంతస్తులోనే ఒక ఇంట్లో పొద్దుటి నుంచీ అలమరాలు బిగిస్తున్నాడు, మేకులు అయిపోతే కిందికి దిగుతున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే లోకం కదా. టైలరమ్మ చెప్పింది బీరువాలో కూర్చుందని. వడ్రంగికి వినిపించింది మాత్రం బీరువాలో పెట్టారని. ఎవరు పెట్టారని అతను అడగలేదు. గుమ్మంలో కదలకుండా కూర్చున్న అత్తగారిని పైనుంచే చూసి, మేకుల మాట మరిచిపోయి, ఉలీ సుత్తీ తెచ్చుకోవడానికి వెనక్కి తిరిగాడు.

నర్సమ్మ రాత్రి డ్యూటీ చేసి వచ్చి అప్పుడే పడుకుంది. అయినా విషయం వినగానే లేచి కూర్చుంది. "ముందు భర్తకు తెలుసో లేదో కనుక్కోండి" అంది. టైలరమ్మ ఫోను చేసింది. లిఫ్టు మెకానిక్కు ఎక్కడో ఒక లిఫ్టు నెత్తిన కూర్చుని బోల్టులు బిగిస్తున్నాడు.

"అన్నయ్యగారూ, మీ ఆవిడ బీరువాలో ఉందట. మీకు తెలుసా?"

"తెలుసండీ" అన్నాడతను తీరిగ్గా. "నేనే కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, తలుపు వేసి వచ్చాను."

టైలరమ్మ ఫోనును రెండో చెవికి మార్చుకుంది. "ఎంతసేపని?"

"సరిగ్గా వచ్చేదాకా. ఇప్పటికి రెండుసార్లు తప్పు చేసింది. ఇవాళ కూడా కుదరకపోతే ఇక అంతే, ఇంకో అవకాశం ఉండదు."

"మరి మీ అమ్మగారు గుమ్మంలో..."

"కాపలాకే కూర్చుందండీ. తనంతట తానే ఒప్పుకుంది. మీరు కాస్త మెల్లిగా మాట్లాడండేం, లోపలికి వినిపిస్తుంది."

ఫోను పెట్టేసి టైలరమ్మ నర్సమ్మ వంక చూసింది. ఇన్నేళ్లు ఎదురుబొదురుగా ఉంటూ, గిన్నెలూ గరిటెలూ ఇచ్చిపుచ్చుకుంటూ, ఈ మనుషులను ఎంత మంచివాళ్లనుకుంది. నర్సమ్మ రక్తపోటు చూసే పరికరం సంచిలో వేసుకుంది. వడ్రంగి సుత్తితో తయారయ్యాడు. ఆయాసపడుతూ మెట్లెక్కుతున్న ఇంకో ఇద్దరు ముగ్గురు ఏమిటి విషయమని అడిగి, విని, వెనకే నడిచారు.

ఈలోగా బీరువాలో అనౌన్సరమ్మ చెమటతో ముద్దయింది. మోత లేదు, నిజమే. మిషను చప్పుడు లేదు, పైన సుత్తి దెబ్బలు కూడా ఆగిపోయాయి. తన నిశ్శబ్దం తనకు దొరికింది. అయినా కథ కదలడం లేదు. చెల్లెలు తెల్లవారుజామున పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వెళ్లే ఘట్టం అది. అక్క తలుపు చాటున నిలబడి చూస్తూ కూడా ఆపదు. ఎన్నిసార్లు చదివినా చెల్లెలు బయల్దేరుటకు సిద్ధముగానే ఉంటోంది. ఎదురుగా వేలాడుతున్న భర్త కోటుకు చెబుతున్నట్టుగా ఉంది తప్ప మనిషికి చెబుతున్నట్టు లేదు. తప్పు శబ్దాలది కాదేమో, తనదేనేమో అని మొదటిసారి అనిపించి, ఆమెకు ఏడుపు వచ్చింది.

గుమ్మం దగ్గర అత్తగారు గుంపును చూసి కంగారు పడలేదు. ఆవిడకు అప్పగించిన పని చప్పుడు కాకుండా చూడడం, మనుషులను ఆపడం కాదు.

"నేను నర్సును. మమ్మల్ని లోపలికి వెళ్లనివ్వండి" అంది నర్సమ్మ.

"వెళ్లండమ్మా, కాదన్నదెవరు? చెప్పులు ఇక్కడ విడిచి, మునివేళ్ల మీద వెళ్లండి."

అంతమందీ మునివేళ్ల మీద పడగ్గదిలోకి వెళ్లారు. వడ్రంగి సుత్తి ఎత్తాడు కానీ, దాని అవసరం పడలేదు. టైలరమ్మ లాగగానే తలుపు ఊడిపడ్డట్టు తెరుచుకుంది. లోపల ముక్కాలిపీట మీద, నెత్తిన దుప్పటితో, ఒళ్లో పుస్తకంతో, కళ్ల నిండా నీళ్లతో అనౌన్సరమ్మ కనిపించింది.

"భయపడకమ్మా, మేమున్నాం" అంటూ టైలరమ్మ ఆమెను రెండు చేతులా పొదివి పట్టుకుని బయటికి తీసింది. నర్సమ్మ అప్పటికే మణికట్టు పట్టుకుంది. ఎవరో మంచినీళ్లు తెచ్చారు.

"నాకేం కాలేదండీ. కథ చదువుతున్నాను" అంది అనౌన్సరమ్మ.

"అలాగేనమ్మా, కథే" అంది నర్సమ్మ, రోగులతో మాట్లాడే గొంతుతో.

ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మరే. చేసేది లేక సిగ్గు విడిచి, రెండుసార్లు తిరగ్గొట్టిన సంగతితో సహా అంతా చెప్పేసి, రుజువుకి పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు అయ్యాయో లేదో టైలరమ్మ అడ్డం పడింది.

"ఆగు ఆగు. పిల్ల ఇల్లొదిలి పోతుంటే ఆ అక్క ఎందుకు ఆపలేదు? నువ్వు బస్సు బయల్దేరిందన్నట్టు చెబితే నాకెలా తెలుస్తుంది? మొదట్నుంచీ సరిగ్గా చెప్పు, నాకు."

అనౌన్సరమ్మ తలెత్తి ఆవిడ మొహం చూసింది. బస్టాండులో ఇన్నేళ్లు వేలమందితో మాట్లాడింది, ఒక్క మొహమూ ఎరగదు. మైకు ముందు గోడ ఉండేది. ఇప్పుడు ఎదురుగా టైలరమ్మ కనుబొమలు ముడివేసుకుని, జవాబు కోసం కూర్చుంది. ఆ మొహానికి అర్థమయ్యేటట్టు చెప్పడం మొదలుపెట్టింది. ఆ అక్క ఊపిరి బిగపట్టిన చోట నర్సమ్మ కూడా బిగపట్టింది. వడ్రంగి సుత్తిని చప్పుడు కాకుండా పరుపు మీద పెట్టి, నేల మీద చతికిలబడ్డాడు. ఆ భవనంలో మోత చేసేవాళ్లందరూ ఆ గదిలోనే ఉన్నారు, ఒక్కరూ కదలడం లేదు.

భార్యకు ఏమైందో అని ఫోను పెట్టేశాక అనుమానమొచ్చి, మెట్లన్నీ పరుగున ఎక్కి మెకానిక్కు గుమ్మంలోకి వచ్చేసరికి, అందరూ ఒక్కసారే మూతి మీద వేళ్లు పెట్టుకుని ఉరిమి చూశారు. అతను బూట్లు చేత్తో పట్టుకుని, అధ్యాయం అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

చదవడం అయిపోయింది. టైలరమ్మ మెడలోని కొలతల టేపు కొసతో కళ్లు తుడుచుకుంది. అప్పుడు చూసింది అనౌన్సరమ్మ: బీరువాలో పెట్టిన ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. కంగారులో ఎవరూ ఆపలేదు. ముందున్న గలాటా అంతా కత్తిరించి, మొదట్నుంచీ చదివిన ముక్కను అప్పటికప్పుడే పంపించేసింది.

ఎడిటరుగారి ఫోను సాయంత్రం కాకముందే వచ్చింది. "ఇది చదివింది మీరేనా అమ్మా? నాకే చెబుతున్నట్టు ఉంది. పుస్తకం మీదే."

ఆ మాట చెప్పడానికి అనౌన్సరమ్మ ఎదురింటికి వెళ్లింది, పై అంతస్తుకి వెళ్లింది. తను బీరువాలో ఉందని విని ఊరుకోలేకపోయిన మనుషులు వీళ్లు. ఒకరు నిద్ర మానుకుని వచ్చారు, ఒకరు పని మానుకుని వచ్చారు, ఇంకొకరు అవసరమైతే తలుపు పగలగొట్టడానికి సుత్తి పట్టుకుని మరీ వచ్చారు. "మీ రుణం తీర్చుకోలేనండీ" అంది చివరికి. "రుణం సంగతి తర్వాత, ఆ చెల్లెలు ఎక్కడికి పోయిందో రేపు చెప్పు" అంది టైలరమ్మ. మెకానిక్కు కూడా ఇంటింటికీ వెళ్లి, బీరువాలో పెట్టడంలో తన ఉద్దేశమేమిటో వివరించి వచ్చాడు. ఆ తర్వాత లిఫ్టు నడిపించాడు.

నవల పూర్తయ్యేదాకా రోజూ ఆ గది నిండింది. చదువుతున్నంతసేపూ మిషను ఆగేది, సుత్తి ఆగేది. అలాంటి నిశ్శబ్దం డబ్బు పెట్టి స్టూడియో కట్టినా దొరకదని అత్తగారు అందరితోనూ చెప్పుకున్నారు. పడుకునే ముందు అనౌన్సరమ్మ ఆ మొహాలన్నీ ఒక్కొక్కటిగా తలచుకునేది, మనసు నిండిపోయేది.

సంస్థవాళ్లు సంతోషించి వెంటనే రెండో పుస్తకం పంపారు: 'సహకార సంఘాల ఆడిట్ నియమావళి'. మొదటిరోజు అందరూ వచ్చి కూర్చున్నారు. కోశాధికారి విధులు మొదలయ్యేసరికి నర్సమ్మకు నిద్ర గుర్తొచ్చింది, టైలరమ్మకు ఇవ్వాల్సిన జాకెట్లు గుర్తొచ్చాయి, వడ్రంగి ఎప్పుడు లేచి వెళ్లాడో ఎవరూ చూడలేదు. కాసేపటికి ఎదురింట్లో మిషను, పైన సుత్తి ఒకదానితో ఒకటి పోటీపడి మొదలయ్యాయి. అనౌన్సరమ్మ చదవడం ఆపి అత్తగారి వంక చూసింది. ఆవిడ ఒక్కరే కుర్చీ వదల్లేదు.

"అమ్మాయ్, పోనీ ఆ కోశాధికారినైనా పారిపోనివ్వకూడదూ?" అన్నారు అత్తగారు.